పాలు తూర్పుకే పొంగాయి

పాలు తూర్పుకే పొంగాయి కదా, మరి ఇల్లెందుకు నిలవలేదు?

దాలమ్మ మనసులో ఈ సందేహం ఎన్నో ఏళ్లుగా ఉంది. అది కోపం కాదు, దేవుడి మీద నిష్ఠూరమూ కాదు. పంటి సందున ఇరుక్కున్న చేపముల్లు లాంటిది. రోజూ పొద్దున్నే గంగమ్మ పటం ముందు దీపం వెలిగించి దండం పెట్టుకునేది, నాలుక మాత్రం ఆ ముల్లు దగ్గరికే పోయేది.

పెళ్లయిన కొత్తల్లో ఆమె, మొగుడు గురయ్య కలిసి కొత్తరేవు ఇసక మీద సముద్రానికి ఎదురుగా రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశం నాడు పొంగించడానికి ఇంట్లో పాడి లేదు. పక్కింటి పోలమ్మ తన గేదెను పిండి, ఇత్తడి చెంబు నిండా పాలు తెచ్చి గడపలో పెట్టింది. "బదులిద్దువులే మరదలా, తొందరేటి" అంది. పాలు తూర్పుకే పొంగాయి. చూసినవాళ్లంతా శుభమన్నారు.

కూతురు ఊర్మిళ బడిలో చేరిన ఏడాది తుపాను వచ్చింది. మనుషులు సరుగుడు తోట వెనక బడి భవనంలో తలదాచుకున్నారు కాబట్టి మిగిలారు. ఇల్లు మిగలలేదు. తెల్లారి వచ్చి చూస్తే పునాది ఎక్కడుండేదో కూడా తెలియలేదు.

అప్పట్నుంచి వాళ్లది గురయ్య తమ్ముడి ఇంటి వసారాలో కాపురం. గృహప్రవేశానికి బదులు తెచ్చుకున్న పాలు సొంత పొయ్యి మీద పొంగిన పాలతోనే తీర్చాలని ఆ వాడలో ఆనవాయితీ. సొంత పొయ్యి లేదు కాబట్టి చెంబెడు పాల బాకీ అలాగే ఉండిపోయింది. పోలమ్మ వాడలో ఎదురైనప్పుడల్లా, "ఏటి మరదలా, నా పాలు పెరుగై, మజ్జిగై, ఎన్నపూస కూడా తేలీసుంటాది ఈపాటికి" అని ఆటపట్టించేది. దాలమ్మ నవ్వేది. నవ్వుతూనే తల దించుకునేది.

ఒకసారి పూజారిని అడిగింది. కర్మ అన్నాడాయన. గురయ్యను అడిగింది. ఆయన చుట్ట ముట్టించుకుని తాపీగా చెప్పాడు.

"పాలు తూర్పుకి పొంగినాయి. మన సముద్రం ఏ పక్కుంది?"

"తూర్పునే."

"మరింకేటి? రావే తల్లీ, పాలు తాగీ ఎల్లు అని నువ్వే పిలిసినావు. పిలిస్తే వచ్చింది. ఆవిడ తప్పేటుంది ఇందుల?"

ఆయన పరిహాసానికే అన్నాడు. కానీ దాలమ్మ ముల్లుకు తోడు రెండో ముల్లు దిగింది. నిజంగా తానే పిలిచిందా?

*

ఊర్మిళ పెద్దదై విశాఖపట్నంలో పెద్ద చదువు చదివి, కొత్తరేవుకే తిరిగి వచ్చి మూతబడిన ఐసు ఫ్యాక్టరీలో ప్రయోగశాల పెట్టింది. వాడ జనం దాన్ని ల్యాబు అని ఎప్పుడూ అనలేదు. ఐసు కంపెనీ అనే అన్నారు.

అక్కడ పెద్ద పెద్ద పళ్లేల్లో ఇళ్ల గోడలు పెరిగేవి. కట్టడం కాదు, పెరగడమే. ఊర్మిళ గోగునారను చాపలా పరిచి, దాని మీద గుల్లల పొడి చల్లి, రాళ్లకు అంటుకునే ఆల్చిప్పల దగ్గర తాను పట్టుకున్న ఒక సూక్ష్మజీవిని అందులో వదిలేది. పైన సముద్రపు నీళ్లు, గంజి పోసేది. ఆ జీవి గంజి తిని, ఉప్పునీటిలోంచి సున్నం లాక్కుని, ఆల్చిప్ప తన చిప్పను పెంచుకున్నట్టే పలకను పెంచేది. వాటికి ఆమె పెట్టిన పేరు గుల్లపలకలు. చెక్కంత తేలిక, రాయంత గట్టి.

గంజి పోయడం దాలమ్మ పని. రోజూ అన్నం వార్చగానే గిన్నె పట్టుకుని బయలుదేరేది.

"మనవలకి ఉగ్గు ఎట్టాల్సిన వయసుల గోడలకి గంజి ఎడతన్నావేటే?" అని గురయ్య ఎగతాళి చేశాడొకరోజు.

"గోడలైతే ఏటి? తాగతన్నాయి కదా. నీలాగ తాగీసి తిరగబడ్డం లేదు" అంది దాలమ్మ.

ఊర్మిళ పకపకా నవ్వి, "నాన్నా, ఓ తెడ్డు దెబ్బెయ్యి దాని మీద, గట్టిగా" అంది. గురయ్య మొహమాటపడుతూనే పడవ తెడ్డుతో ఒక పలకను బాదాడు. పలక నిలువునా బీటవేసింది. ఆ వారమంతా దాలమ్మ ఆ బీటకు ప్రత్యేకంగా చిక్కటి గంజి పోసింది. మరుసటి సంతనాటికి బీట పూడిపోయి, వేలితో తడిమితే పాత గాయపు మచ్చలా చిన్న గట్టు మాత్రం మిగిలింది.

దాలమ్మ దానికి చేతులు జోడించింది. "ప్రాణముందే దీనికి" అంది మెల్లగా.

ఈ పలకలతో తీరాన చిన్న చిన్న గుడిసెలు నిలబెట్టాలని ఊర్మిళ ఆలోచన. సముద్రం చూడడానికి వచ్చేవాళ్లకు వాడ మహిళా సంఘం వాటిని అద్దెకిస్తుంది. ఒక గుడిసెలో దాలమ్మ, గురయ్య కాపలాగా ఉంటారు. అంటే ఇన్నేళ్లకు మళ్లీ సముద్రం ఎదుట వాళ్లకొక పొయ్యి. అయితే తీరం అధికారులు ఒక షరతు పెట్టారు. అలల అంచున శాశ్వతంగా ఏదీ కట్టకూడదు. తుపాను కబురు రాగానే ఒక పాటు వేళలోనే, నీళ్లు వెనక్కి తగ్గి మళ్లీ పోటెత్తేలోగా, గుడిసెను ముక్కలు విప్పి సరుగుడు తోట వెనక్కి మోసుకుపోగలగాలి. రంపం, సుత్తి వాడకూడదు. ముక్కలు మళ్లీ పనికి రావాలి. పరీక్ష నాడు ఇది చేసి చూపించలేకపోతే ఆ చోటు సిమెంటు కాటేజీలు కట్టే వాళ్లకు పోతుంది. వాళ్లు కంచె వేస్తే వాడ ఆడవాళ్లు చేపలు ఆరబెట్టుకోవడానికి కూడా అటు వెళ్లలేరు.

ఊర్మిళకు ఆ షరతు గురించి బెంగ లేదు. పలకలను అంచుకు అంచు ఆనించి ఉప్పునీళ్లు, గంజి చల్లితే రెండింటిలోని జీవులూ కలిసి అతుకు వేస్తాయి. విప్పాలంటే అతుకు మీద మంచినీళ్లు పొయ్యాలి. ఉప్పు లేక అతుకు మెత్తబడి ఊడివస్తుంది. ఐసు కంపెనీలో ఎన్నిసార్లు చేసినా కుదిరింది.

*

ఒక మంచి రోజు చూసి మొదటి గుడిసెను ఇసక మీద నిలబెట్టారు. తూర్పు వాకిలి, రెండు కిటికీలు, పైన తాబేలు డిప్ప లాంటి కప్పు. అందులో కొన్నాళ్లు ఉండి చూడడానికి దాలమ్మ దంపతులు సామాను తెచ్చుకున్నారు.

"పాలు పొంగించవా అమ్మా?" అని ఊర్మిళ అడిగింది.

"పరీక్ష అవనీ" అంది దాలమ్మ. అసలు సంగతి చెప్పలేదు. పొంగిస్తే మళ్లీ తూర్పుకే పొంగుతాయేమోనని ఆమె భయం.

పాలు పొంగించలేదు గానీ శుక్రవారం వచ్చేసరికి ఆమె చేతులు ఊరుకోలేదు. గడప కడిగి, పసుపు ముద్ద చేసి, నిండా అలికింది. గడప అటూ ఇటూ గోడను తాకే మూలల్లో కూడా పసుపునీళ్లు పోసి వేళ్లతో మెత్తింది. కుంకుమ బొట్లు పెట్టి వెనక్కి జరిగి చూసుకుంది. ఎన్నాళ్లకు తనకొక గడప! మరుసటి శుక్రవారమూ అంతే. ఆ పై శుక్రవారమూ అంతే.

ఒక సాయంత్రం ఊర్మిళ గడప దగ్గర కూర్చుని చేత్తో తడుముతూ ఉండిపోయింది. గడప పలకకూ గోడ పలకలకూ నడుమ సన్నటి సందులోంచి ఈదురుగాలి వస్తోంది. మిగతా అతుకులన్నీ ఏకశిలలా కలిసిపోయాయి. ఇదొక్కటే కలవలేదు. కొంచెం గీకి ఐసు కంపెనీకి పట్టుకెళ్లి భూతద్దం కింద చూసింది. అంచున ఉన్న జీవి అంతా చచ్చిపోయింది.

పరుగులాంటి నడకతో తిరిగి వచ్చింది.

"అమ్మా, గడప దగ్గర ఏటి పోసినావు?"

"ఏటీ పోయలేదే. పసుపు రాసినాను."

"పసుపా!" ఊర్మిళ తల పట్టుకుంది. "దెబ్బ తగిల్తే పసుపెందుకు ఎడతావు? పురుగూ చీము పట్టకుండా సంపుతాదని కదేటి? మరి ఈ గోడలన్నీ అలాంటి చిన్న ప్రాణులే కదా అమ్మా! అన్నిట్నీ పరీక్ష చేసినాను. నూనె, సబ్బు, చేపల రక్తం, బ్లీచింగు. పసుపొకటే మర్చిపోనాను!"

దాలమ్మ మొహం పాలిపోయింది. రోజూ గంజి పోసి పెంచిన దాన్ని తన చేత్తోనే చంపింది.

"నాకేటి తెల్సే తల్లీ. గడపకి పసుపు ఎట్టకపోతే అది ఇల్లెలాగవుద్ది?"

"పరీక్ష అయ్యేదాకా ఒగ్గీ అమ్మా. నీకు దండం ఎడతాను."

దాలమ్మ మాట ఇచ్చింది. వచ్చిన శుక్రవారం పసుపు డబ్బా చేత్తో పట్టుకుని బోసి గడప ముందు చాలాసేపు నిలబడింది. చివరికి తన పాదాలకే రాసుకుని లోపలికి అడుగు పెట్టబోయింది.

"అమ్మా!" ఊర్మిళ కేక. "ఆ కాళ్లతో గడప తొక్కకు!"

"ఓలమ్మ, కాళ్లకి రాసుకున్నా తప్పేనేటే?" అని దాలమ్మ గడప మీద నుంచి ఎగిరి దూకింది. ఆ వయసులో ఆమె దూకడం చూసి గురయ్య చుట్ట పడేసుకుని నవ్వాడు. దాలమ్మకు మాత్రం లోపల ఇంకో ప్రశ్న మొదలైంది. పసుపు మంచిదే, ఈ జీవమూ మంచిదే. మంచికీ మంచికీ పడకుండా దేవుడెందుకు పెట్టాడో?

*

పరీక్షకు ముందు ఒకసారి విప్పి చూద్దామని ఊర్మిళ అంది. వాడ ఆడవాళ్లు బిందెలతో మంచినీళ్లు మోసుకొచ్చి అతుకుల మీద పోశారు. ఊర్మిళ కప్పు పట్టుకుని లాగింది. కదల్లేదు. ఇంకా పోశారు. పోలమ్మ నడుముకు చెంగు బిగించి మరో ఇద్దరితో కలిసి గోడను ఊపింది. గోడ ఊగలేదు గానీ పోలమ్మ కాలు ఇసకలో మోకాలి దాకా దిగబడింది.

అప్పటికి ఊర్మిళకు అర్థమైంది. ఐసు కంపెనీలో గాలి పొడిగా ఉండేది. ఇక్కడి గాలి నిండా ఉప్పే. తాను పోసిన ఆహారం కన్నా సముద్రపు గాలి ఎక్కువ మేపింది. అతుకులు పలకల కన్నా గట్టిపడ్డాయి. ముక్కలు ముక్కలుగా ఉండాల్సిన ఇల్లు ఒక్కటే గుల్ల అయిపోయింది.

చూడాలి కాబట్టి రంపంతో ఒక మూల కోయించింది. కోసినచోట తెల్లటి నీరు ఊరింది, పచ్చి ఆల్చిప్ప వాసన వేసింది. బీటను పూడ్చుకోగల జీవి కోతకు మాత్రం తట్టుకోలేదు. కోత పడిన పలక మధ్యాహ్నానికల్లా అంచు నుంచి బూడిదరంగుకు తిరిగి పొడి రాలడం మొదలైంది. దాలమ్మ ఆ పొడిని కొంగులోకి ఎత్తి పక్కన పెట్టింది. కాళ్ల కింద తొక్కబుద్ధి కాలేదు.

ఊర్మిళ ఇసకలో కూలబడింది. ఏడవలేదు. ఏడ్చినా బావుండేది.

"అమ్మా, ఆ తుపాను నాడు బడి కిటికీలోంచి సూసినాను నేను, మన ఇల్లు ఎల్లిపోడం. నిలబడిపోయింది కాబట్టే ఎల్లిపోయింది, లేచి రాగలిగే ఇల్లుంటే బావుణ్నని అప్పుడే అనుకున్నాను. అందుకే ఇంత చదివినాను. ఇప్పుడు ఇదీ కదలకుండా నిలబడిపోయింది."

దాలమ్మ వెళ్లి కూతురి పక్కన ఇసకలో కూర్చుంది. ఇన్నాళ్లూ ఆ ముల్లు తనొక్కదానికే అనుకుంది. అంతకన్నా పెద్దది కూతురు మింగి కూర్చుందని ఇప్పుడే తెలిసింది.

గురయ్యకు కూతురి దిగులు చూడడం చేతకాదు. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి లేచి, గుడిసె చుట్టూ తిరిగి, కనబడిన ప్రతి అంచునూ పట్టుకుని గుంజాడు. వాకిలి దగ్గరికి వచ్చి గడప పలకను కూడా ఉన్న బలమంతా పెట్టి గుంజాడు. ఆ పలక పెట్టె మీది మూతలా చప్పుడు లేకుండా ఊడివచ్చింది. అంత బలం అక్కర్లేకపోవడంతో గురయ్య వెల్లకిలా పడ్డాడు. గడప పొట్ట మీద పడింది.

"ఓరి గురయ్యా, గడప దాటమంటే నీ మీదికి లాక్కున్నావేట్రా!" అని పోలమ్మ పగలబడి నవ్వింది. అందరూ నవ్వారు. గురయ్య కూడా పడుకునే నవ్వాడు.

ఊర్మిళ నవ్వలేదు. లేచి వచ్చి గడపను తిప్పి అంచు చూసింది. పసుపు పచ్చటి సన్నని గీత, దాని వెంట నున్నగా తేలిన అంచు. గోడ పలకను చూసింది. అక్కడా అంతే. రెండూ చివరిదాకా ఒకదాని వంపు చూసి ఒకటి పెరిగాయి, పసుపు దగ్గరికి వచ్చి ఆగాయి. ఆల్చిప్ప రెండు రెక్కలు మూసుకుంటే ఎలా అమరుతాయో అలా అమరాయి. తాకాయి గానీ కలవలేదు. గడపను మళ్లీ దాని చోట పెట్టి తోస్తే, ఆనాడు ఈదురుగాలి వచ్చిన సందు ఈ మధ్య పలకలు పెరిగి వెంట్రుకంత కూడా మిగల్లేదు.

"అమ్మా, పసుపు డబ్బా ఎక్కడెట్టినావు?"

"దాసీసినాను, నువ్వు ఒగ్గీమన్నావు కదేటి."

"తియ్యి. ఇంట్లో ఉన్నదంతా తియ్యి. పోలమ్మత్తా, మీ ఇంట్లో ఉన్నది కూడా!"

*

ఆ తర్వాత వాడలో ఎవరింట్లోనూ కూరల్లోకి పసుపు మిగల్లేదు. మొదటి గుడిసెను కోసి తీసేశారు, ఐసు కంపెనీలో కొత్త పలకలు లేచాయి. ఒక్కొక్కటి పళ్లెంలో ఉండగానే ఆడవాళ్లు పక్కన కూర్చుని అంచులకు పసుపు మెత్తారు. గడపను అలికినట్టే అలికారు, ఒకరిద్దరు అలవాటు కొద్దీ బొట్లు కూడా పెట్టారు. పలక కడుపులో జీవం పెరిగింది, అంచున ఆగింది. అతుకు లేదు కాబట్టి గాలికి ఊడకుండా పలకలను ఏది పట్టి ఉంచుతుందని ఊర్మిళ ఆలోచనలో పడితే, గురయ్య కొబ్బరి పీచు తాడు తెచ్చాడు. ఆయన తాతల కాలంలో పడవ చెక్కలను మేకు లేకుండా తాడుతోనే కుట్టేవారు. అంచుల్లో బెజ్జాలు వదిలి, పలకకు పలకను అలాగే కుట్టాడు. ముడి ఒక్కటి లాగితే కుట్టంతా జారిపోవాలి. అది రావడానికి ఆయనకు చాలా తాడు, చాలా చుట్టలు ఖర్చయ్యాయి.

పరీక్ష నాడు కరుణాకర్ అనే అధికారి వచ్చాడు. నవ్వని మనిషి. గుడిసె చుట్టూ తిరిగాడు, గోడను గోటితో గీకాడు, వాకిట్లో నిలబడ్డాడు.

"ఈ పచ్చరంగేమిటి అంచులకి?" అని అడిగాడు.

"పసుపండి" అంది ఊర్మిళ.

"పూజకా?"

దాలమ్మ, ఊర్మిళ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "దానికీ పనికొస్తాదండి" అంది దాలమ్మ.

నీళ్లు వెనక్కి తగ్గడం మొదలవగానే గురయ్య ముడి లాగాడు. తాడు సరసరా జారింది. ముందు కప్పు దిగింది, తర్వాత గోడలు. ఇద్దరిద్దరు ఆడవాళ్లు చుట్టకుదుళ్లు పెట్టుకుని పలకలను నెత్తిన ఎత్తుకున్నారు. చేపల తట్టలు మోసిన మెడలు కదా, ఇది వాళ్లకు లెక్కలోకి రాలేదు. పోలమ్మ కిటికీ పలక మోస్తూ అందులోంచి అధికారిని తొంగి చూసి, "బాబూ, మా ఇల్లు నడిసెల్లిపోతంది సూడు!" అని కేక వేసింది. ఆయన ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు.

గడపను దాలమ్మ ఎవరికీ ఇవ్వలేదు. తానే చంకన పెట్టుకుని నడిచింది.

సరుగుడు తోట వెనక మళ్లీ గుడిసె లేచేసరికి పోటు ఇంకా రాలేదు. కరుణాకర్ వెనక్కి నడిచి గుడిసె ఉన్న చోటు చూశాడు. చదునైన ఇసక, దాని మీద కాస్త రాలిన పసుపు. చూస్తుండగానే మొదటి అల వచ్చి దాన్ని కడుక్కుపోయింది.

"ఇక్కడ ఇల్లుండేదని చెప్పినా ఎవరూ నమ్మరు. ఇదే మేం అడిగింది" అన్నాడు. కాగితం మీద సంతకం పెట్టేశాక కొంచెం ఆగి, "మా అమ్మగారిని తీసుకొస్తే అద్దెకిస్తారా?" అని అడిగాడు.

*

మరుసటి రోజు గుడిసెను తిరిగి సముద్రం ముందుకు తెచ్చి నిలబెట్టారు. ఊర్మిళ తల్లి దగ్గరికి వచ్చి, "ఇప్పుడైనా పొంగిస్తావేటి?" అని అడిగింది.

దాలమ్మ పొయ్యి వెలిగించింది. గిన్నెలో పాలు పోసి, గంగమ్మకు దండం పెట్టుకుని కూర్చుంది. గురయ్య, ఊర్మిళ, పోలమ్మ చుట్టూ చేరారు. పాలు మెల్లగా నురగ కట్టాయి, అంచుదాకా వచ్చాయి, ఒక క్షణం ఆగినట్టు ఆగి, పొంగాయి.

తూర్పుకే.

గురయ్య నోరు తెరిచాడు గానీ ఈసారి పరిహాసమాడలేదు. భార్య మొహం చూసి ఊరుకున్నాడు.

దాలమ్మ వాకిలి వైపు తల తిప్పింది. గడప అవతల సముద్రం ఎండలో మెరుస్తోంది. ఆనాడు తాను పిలిచిందో లేదో ఆమెకు ఇప్పటికీ తెలియదు. పాలు ఇల్లు నిలబెడతాయని ఎవరు మాటిచ్చారు? తానే అలా అనుకుంది. ఇన్నేళ్లుగా తాను అడుగుతున్నది పాలు ఎరగని సంగతి.

"రానీ మావా" అంది చివరికి. "వస్తే రానీ. పెద్దమనిషి గుమ్మంలోకొస్తే లేచి చోటివ్వమేటి? ఇప్పుడు మన ఇంటికీ లేవడం వచ్చింది."

ఊర్మిళ తల్లి భుజం మీద తల వాల్చింది. అలా వాల్చి ఎన్నేళ్లయిందో ఇద్దరికీ గుర్తు లేదు.

దాలమ్మ ఒక ఇత్తడి చెంబు తోమి తెచ్చింది. పొంగిన పాలు అంచుదాకా పోసింది. గడప దాటి బయటికి వచ్చి, రెండు చేతులా పట్టుకుని పోలమ్మ ముందు చాచింది.

"వదినా, నీ పాలు."

పోలమ్మ ఎప్పటిలా ఏదో అనబోయింది. అనలేక ముక్కు ఎగబీల్చింది. చెంబు అందుకుని, కొంగుతో అంచు తుడిచి, వేడివేడిగానే ఒక గుక్క తాగింది. తర్వాత మూతి చిట్లించింది.

"నానిచ్చినవి ఇంతకన్నా చిక్కనివే మరదలా" అంది. "పోన్లే, తీరిపోయింది."